బల్ల దగ్గర నుంచి లేచి వెళ్లిపోయేవాళ్ల గురించి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆధ్యాత్మిక పేజీలో ఒక పాఠకురాలి ప్రశ్న చూశాను. పేరు రాసుకోలేదు. "నా బతుకులో చాలా తప్పులున్నాయి. నాలాంటిదాన్ని దేవుడు దగ్గరికి రానిస్తాడా?" అంతే ఆమె అడిగింది. ముందు మనసు శుభ్రం చేసుకోవాలి, అప్పుడే దేవుడి ముందు నిలబడే యోగ్యత వస్తుంది అని కింద జవాబు వేశారు. జవాబు రాసినవారు మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ అది చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ 'యోగ్యత' అనే మాట మా ఇంట్లో 29 ఏళ్లు కాపురం చేసింది. అన్నేళ్లూ మా అమ్మని మా గుడిలో, అంటే చర్చిలో, ఒక్క రొట్టె ముక్క తిననివ్వలేదు.

నేను తెలుగు టీచర్ని. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పాఠాలు చెప్పి 2015లో రిటైరయ్యాను. ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పుట్టాను. పల్లె అంటే మా వైపు ఊరు కాదు, ఊరికి అవతల ఉండేది. మాది బాప్టిస్టు సంఘం. నెలకొకసారి, మొదటి ఆదివారం, మా గుడిలో ప్రభు బల్ల ఉంటుంది. క్రైస్తవులు కాని పాఠకుల కోసం చెబుతున్నాను. యేసుని పట్టుకుపోయే ముందు రాత్రి ఆయన శిష్యులతో కూర్చుని రొట్టె విరిచి ఇచ్చాడు, నన్ను జ్ఞాపకం చేసుకోవడానికి ఇలా చేయండి అన్నాడు. మేం ఇప్పటికీ చేసేది అదే. చిన్న రొట్టె ముక్క, వేలెడంత గ్లాసులో ద్రాక్షరసం. దీన్నే బల్ల తీసుకోవడం అంటాం. నా చిన్నప్పుడు అయ్యగారి, అంటే మా పాస్టరుగారి, భార్య శనివారం సాయంత్రం ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడకబెట్టి, పాత పంచె గుడ్డలో వడకట్టేవారు. ఆ తీపి వాసనకి పిల్లలమంతా వాళ్ల వంటింటి గుమ్మం దగ్గర చేరేవాళ్లం.

1968లో నాకు 11 ఏళ్లు. అప్పటికింకా ప్రకాశం జిల్లా లేదు, మాది గుంటూరు జిల్లా కిందే ఉండేది. మా తమ్ముడికి రెండేళ్లు. వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేది. వారం కూలి వచ్చేదాకా చేతిలో పైసా ఉండదు. ఇరుగుపొరుగు వాళ్లు, పక్క ఊళ్లో తాడు మంత్రించి కట్టే ఆయన ఉన్నాడు, తీసుకెళ్లమన్నారు. శనివారం రాత్రి అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని నడిచి వెళ్లి నల్ల తాడు కట్టించుకొచ్చింది. తెల్లారితే మొదటి ఆదివారం. మంత్రాల తాడు మా సంఘంలో తప్పు కాబట్టి, అది కనపడకుండా వాడికి పొడుగు చేతుల చొక్కా వేసి, ఒళ్లో పడుకోబెట్టుకుని, వాడి కోసం ప్రార్థన చేసుకుంటూ అమ్మ బల్ల తీసుకుంది. బుధవారం తెల్లవారుజామున తమ్ముడు పోయాడు.

కొన్నాళ్లకి పల్లెలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు బైబిల్లో కొరింథు ఊరి క్రైస్తవులకు పౌలు అనే తొలినాటి బోధకుడు రాసిన ఉత్తరం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 11వ అధ్యాయం తీసి, అయోగ్యంగా బల్ల తీసుకున్నవాళ్లు రోగాల పాలవుతారు, చచ్చిపోతారు కూడా అని గంటసేపు చెప్పాడట. అమ్మ చాప మీద కూర్చుని వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. శనివారం తాడు, ఆదివారం బల్ల, బుధవారం బిడ్డ. ఇంక ఆమెకి ఎవరూ ఏమీ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత కూడా అమ్మ గుడికి వెళ్లడం మానలేదు. ప్రతి పూటా వంటకి బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి గుడి కోసం వేరే డబ్బాలో వేసేది. పాటలన్నీ నోటికొచ్చు. కానీ మొదటి ఆదివారం అయ్యగారు రొట్టె పళ్లెం మీద కప్పిన తెల్లగుడ్డ అంచు పట్టుకోగానే అమ్మ లేచేది. తల మీద కొంగు సర్దుకుని, చప్పుడు కాకుండా చాపల మధ్యలోంచి నడిచి వెళ్లి, బయట వేపచెట్టు కింద నిలబడేది. చంటిపిల్లలు ఏడుస్తుంటే వాళ్ల తల్లుల దగ్గర నుంచి తీసుకుని ఆడించేది. పిల్లల్ని చూసుకోవడానికే వెళ్తుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అసలు సంగతి నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టాక చెప్పింది.

అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను. ఒకరోజు తొమ్మిదో తరగతిలో క్రియా విశేషణం చెబుతున్నాను. "వాడు వేగంగా పరిగెత్తాడు" అని బోర్డు మీద రాసి, ఇక్కడ 'వేగంగా' అన్నది ఎవరి గురించి చెబుతోందర్రా అని అడిగాను. వాడి గురించి టీచర్ అని సగం మంది అన్నారు. కాదు, పరుగు గురించి అని దిద్దుతుండగా నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి బైబిలు తీశాను. అదే 11వ అధ్యాయం, 27వ వచనం. అయోగ్యుడు తింటే అని లేదు అక్కడ. 'అయోగ్యముగా' తింటే అని ఉంది. తినేవాడి గురించి కాదు, తినే తీరు గురించి. వేదాంత కళాశాలలో చదువుకున్న మా బంధువు ఒకాయన్ని అడిగితే, గ్రీకు మూలంలో కూడా 'అనాక్సియోస్' అని క్రియా విశేషణమే ఉందని చెప్పాడు.

అయితే ఏమిటా తీరు? అది తెలియాలంటే 27 దగ్గర కాదు, 20 దగ్గర మొదలుపెట్టి చదవాలి. ఆ రోజుల్లో కొరింథులో ప్రభువు భోజనం అంటే నిజంగా భోజనమే. అందరూ ఒకచోట చేరేవారు. కానీ ఉన్నవాళ్లు ముందే కానిచ్చేసి, మత్తెక్కేదాకా తాగేవాళ్లు. లేనివాళ్లు, పని దిగి ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఆకలితో చూస్తూ ఉండేవాళ్లు. దానికి పౌలుకి కోపం వచ్చింది. మీకు తినడానికి ఇళ్లు లేవా, పేదవాళ్లని సిగ్గుపరుస్తారా అని నిలదీశాడు. అయోగ్యంగా తినడమంటే ఆయన చెప్పింది ఇది. ఆ అధ్యాయం చివరికొచ్చేసరికి ఏం చేయాలో కూడా చెప్పాడు. మీరు భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. అంటే, అందరూ వచ్చేదాకా ఆగి తినండి అని. పేదవాడు వెనకపడకూడదని రాసిన మాటనే పట్టుకుని, పొగాకు కూలీకి పోయే మా అమ్మని వేపచెట్టు కిందికి పంపారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మధ్యలో 28వ వచనం ఉంది. ప్రతి మనిషీ తనను తాను పరీక్షించుకోవాలి అని. ఇంతవరకే చదివి ఆపేస్తారు. తర్వాతి మాట 'ఆలాగుచేసి'. ఆలాగుచేసి ఆ రొట్టె తినాలి, ఆ పాత్రలోది తాగాలి అని వాక్యం పూర్తవుతుంది. పరీక్షించుకుని లేచి వెళ్లిపోవాలని లేదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. సంతోషంగా, గబగబా చెప్పాను. గోరుచిక్కుళ్లు తుంచుతూ విన్నది. చివరికి, "నీకు వ్యాకరణం వచ్చు తల్లీ. నాకు బిడ్డ పోయాడు" అంది. నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

ఒక ప్రసంగం విని అమ్మ తనని తాను అంత గట్టిగా అయోగ్యురాలని ఎలా నమ్మేసిందా అని తర్వాత చాలా ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను. దూరంగా నిలబడటం మాకు తరతరాల అలవాటు. బావి దగ్గర దూరం, ఊరి దేవాలయం దగ్గర దూరం, కామందు గుమ్మం దగ్గర దూరం. దగ్గరికి రావద్దు అన్న మాట అంతకాలం విన్నవాళ్లకి, దేవుడు కూడా అదే అంటున్నాడని ఎవరైనా చెబితే నమ్మడానికి ఎంతసేపు పడుతుంది? అందులో ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, మా సంఘం మొదలైన తీరు దీనికి పూర్తిగా ఎదురు. 1866లో ఒంగోలుకి వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొర గురించి మా పెద్దవాళ్లు చెప్పేవారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పై కులాలవాళ్లు అన్నారట. ఏం చేయాలో తెలియక ఆయన ఒకచోట, ఆయన భార్య ఒకచోట బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం వచ్చిందట. లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడు అనే భాగం. అది కూడా ఇదే కొరింథీయుల మొదటి పత్రికలోది, మొదటి అధ్యాయంలోది! అదే ఉత్తరంలోని 11వ అధ్యాయంతో మమ్మల్ని భయపెట్టారు.

తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ కరువు పనులు జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు, అంటే నీళ్లలో ముంచి సంఘంలో చేర్చుకోవడం, ఆపేశాడు. ఆ పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మా నాయనమ్మ వాళ్ల పెద్దలు ఆ రోజు ఆ ఏట్లో ఉన్నారని మా ఇంట్లో చెప్పుకుంటారు. కరువు తినేసిన ఒళ్లతో, నెత్తి మీద నూనె చుక్క లేకుండా వచ్చి ఉంటారు. నీకేం యోగ్యత ఉందని అడిగితే వాళ్లలో ఒక్కరు కూడా చెప్పగలిగేవాళ్లు కాదు.

ఇంక అమ్మ సంగతి. 1997లో ఆమె మంచాన పడింది. నా దగ్గరే ఉండేది, వరండాలో నులక మంచం మీద. మా సంఘంలో పనిచేసి రిటైరైన ముసలి అయ్యగారు ఒకాయన ఒక సాయంత్రం చూడటానికొచ్చారు. ఆయన ఇంకా కుర్చీలో కూర్చోకముందే అమ్మ లోపలికి కేకేసింది, "అమ్మాయ్, అయ్యగారికి ముందు ఏమన్నా పెట్టు" అని. ఆయన నవ్వి, "నేనెందుకొచ్చానో అడగవేమ్మా?" అన్నారు.

"ఇంటికొచ్చినోళ్లని ముందు అడుగుతారా అయ్యగారూ? ముందు పెడతారు. తిన్నాక అడుగుతారు."

ఆయన ఇడ్లీ తింటూ అమ్మకి పేతురు కథ చెప్పారు. అమ్మకి తెలిసిన కథే. యేసుని పట్టుకుపోయిన రాత్రి చలిమంట దగ్గర నిలబడి, ఆయనెవరో నాకు తెలియదని ఆయన శిష్యుడు పేతురే మూడుసార్లు అన్నాడు. యేసు చనిపోయి, తిరిగి లేచాక, ఈ పేతురు మళ్లీ వల పట్టుకుని వెళ్లాడు. రాత్రంతా వేసినా ఒక్క చేప పడలేదు. తెల్లవారేసరికి ఒడ్డున యేసు నిలబడి ఉన్నాడు. అక్కడ నిప్పులున్నాయి, నిప్పుల మీద చేపలు కాలుతున్నాయి, రొట్టె ఉంది.

"పేతురుని చూడగానే ఆయన ఏమన్నాడమ్మా?"

అమ్మ కాసేపు ఆలోచించి, "రండి, భోజనం చేయండి అన్నాడు" అంది.

"నన్ను ప్రేమిస్తున్నావా అని ఎప్పుడడిగాడు?"

"తిన్నాక."

అయ్యగారు ఇంకేమీ అనలేదు. ప్లేటు కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. అమ్మ చాలాసేపు పైకప్పు వంక చూస్తూ పడుకుంది. తర్వాత ఆ నల్ల తాడు సంగతి తనే ఎత్తింది. అప్పటిదాకా నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు, "కట్టించేటప్పుడు నీ మనసులో ఏముంది?" బిడ్డ బతకాలని, అంది అమ్మ. "దానికి కోపం తెచ్చుకుని నీ కొడుకుని తీసుకునేవాడైతే, మన కోసం తన కొడుకుని ఎందుకిస్తాడమ్మా? బిడ్డ పోవడం అంటే ఏమిటో ఆయనకి తెలుసు" అన్నారు. ఆ వచనం మరి, చచ్చిపోతారని ఉందిగా, అని అమ్మ వదల్లేదు. "అది పక్కనున్నవాడు ఆకలితో చూస్తుంటే తాను కడుపు నింపుకున్నవాడికి రాశాడు. నువ్వు ఏనాడైనా అలా తిన్నావా?" అన్నారాయన. అమ్మ జన్మలో అందరికీ పెట్టకుండా పళ్లెం ముందు కూర్చోలేదు. నేను గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాను. అమ్మ ఏడవలేదు.

వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం, గుడి అయిపోయాక, ఆయన ఎండలో నడుచుకుంటూ వచ్చారు. చిన్న స్టీలు పళ్లెం, దాని మీద తెల్లగుడ్డ. ఆ గుడ్డ తీస్తుంటే అమ్మ కాళ్లు కదలడం చూశాను, లేచి వెళ్లిపోవడానికన్నట్టు. లేచే ఓపిక లేదు. కుడి చెయ్యి చీరకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. గ్రేడింగ్ మానేసి ఏళ్లయింది, వేళ్ల మీద పొగాకు మరక ఎప్పుడో పోయింది, అయినా మూడోసారి కూడా తుడుచుకుని అరచెయ్యి చాపింది. ముక్క చేతిలో పడ్డాక దాని వంక చూసి, "ఇంత చిన్నదా అయ్యగారూ" అంది. 29 ఏళ్లలో అది ఎంత ఉంటుందో మర్చిపోయింది. నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఇంకో ఏడు నెలలు బతికింది, ఏడుసార్లు తీసుకుంది.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, వేపచెట్టు కింద ఇంకా జనం ఉన్నారు. మేం ఇప్పుడు వెళ్లే గుడిలో చెట్టు లేదు, పార్కింగ్ షెడ్డు ఉంది, అంతే తేడా. భర్త వదిలేసిన అమ్మాయి ఒకతె చివరి వరసలో కూర్చుని, రొట్టె వచ్చేలోపు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్తుంది. ఆ టైమ్‌కి ఆమెకి ఫోన్ రాదని నాకు తెలుసు. వాట్సాప్‌లో తిరిగే ప్రసంగాల ముక్కలు వింటుంటే ఇంకా టెన్షన్‌గా ఉంటుంది. అర్హత లేకుండా బల్ల తీసుకుని మంచాన పడ్డ మనిషి అంటూ కథలు చెబుతారు. వినేవాళ్లలో నిజంగా మంచాన పడ్డవాళ్లు ఉంటారని వాళ్లకి గుర్తుండదా?

తప్పుని తప్పు కాదని నేను అనడం లేదు. పేతురుని యేసు అడగకుండా వదల్లేదు, మూడుసార్లు అడిగాడు. కానీ పెట్టాక అడిగాడు. జనం దగ్గర అన్యాయంగా పన్నులు గుంజిన జక్కయ్య దగ్గరా అంతే. ఈ రోజు నీ ఇంట్లో ఉంటాను అని ముందు ఆయన అన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య తర్వాత అన్నాడు. అసలు ఆ మొదటి రాత్రి బల్ల చుట్టూ ఎవరున్నారు? తెల్లారేలోగా తెలియదని చెప్పబోయే పేతురు ఉన్నాడు. నన్ను పట్టిచ్చేవాడి చెయ్యి నాతోపాటు ఈ బల్ల మీదే ఉంది అని యేసే అన్నట్టు లూకా రాశాడు. అన్నీ తెలిసి రొట్టె విరిచాడు.

సంఘ పెద్దలకి నా మనవి ఒకటే. మొదటి ఆదివారం 11వ అధ్యాయం చదివేటప్పుడు దయచేసి 20వ వచనం నుంచి మొదలుపెట్టి 33 దాకా చదవండి. 'ఆలాగుచేసి' అన్న మాట దగ్గర కాస్త ఆగి, అందరికీ వినపడేలా చదవండి. తెల్లగుడ్డ తీసే ముందు తలుపు వైపు ఒకసారి చూడండి. ఎవరైనా లేస్తుంటే ఎవరో ఒకరు వెళ్లి చెయ్యి పట్టుకోండి. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నది అందుకే కదా.

మీ పేజీలో ప్రశ్న అడిగిన అమ్మకి కూడా ఒక మాట. మీరు క్రైస్తవురాలో కాదో నాకు తెలియదు. రానిస్తాడా అని అడిగారు. మా అమ్మ 29 ఏళ్లు అదే అనుకుంది, ఆయన అన్నేళ్లూ నిప్పులు ఆరనివ్వలేదు.

మా వీధిలో నా పాత స్టూడెంట్ ఒకడు ఆటో నడుపుతాడు. తాగుతాడు. మానేస్తాడు, మళ్లీ తాగుతాడు. నన్ను గుడి గేటు దగ్గర దించి వెళ్లిపోతాడు. లోపలికి రారా అంటే, "పూర్తిగా మానేశాక వస్తా మేడం, ఇప్పుడు నాకా అర్హత లేదు" అంటాడు. క్రియా విశేషణం పాఠం విన్న క్లాసులో వాడూ ఉన్నాడు. నిన్న సాయంత్రం ఇంటికి పిలిచి, పప్పుచారు, కట్టపరిగెల వేపుడు పెట్టాను. ఏమీ అడగలేదు. చెయ్యి కడుక్కున్నాక, వచ్చే మొదటి ఆదివారం ఆటో గేటు దగ్గర ఆపొద్దు, లోపల షెడ్డులో పెట్టు అని మాత్రం చెప్పాను. చూస్తాలే మేడం అన్నాడు. నా పక్కన కుర్చీ మీద బైబిలు పెట్టి ఉంచుతాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
ఒంగోలు